మా ఇంట్లో మూడు వీధులు

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి నేరుగా ఉత్తరం రావడమనేది మొన్నమొన్నటి దాకా వింతే. పెళ్ళికి ముందు నా ఉత్తరాలన్నీ 'కేరాఫ్' నాన్నగారు. పెళ్ళయ్యాక 'కేరాఫ్' మా వారు. నాలుగు నవలలు అచ్చయి, నా పేరు చూసి ఉత్తరం రాసేవాళ్ళు పదిమంది తయారయ్యాక కూడా మా పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి "మాస్టారి ఇల్లేగా? లోపల అమ్మగారికి వచ్చింది" అనేవాడే తప్ప నా పేరు పలికిన పాపాన పోలేదు. మాస్టారంటే మా మామగారు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఇల్లు మాత్రం ఇంకా ఆయన పేరు మీదే నడుస్తోంది.

తమాషా ఏమిటంటే బయటికి పంపడానికి ఏ ఇబ్బందీ లేదు. నేను ఎవరికైనా ఉత్తరం రాసి డబ్బాలో వేస్తే చక్కగా చేరేది. వాళ్ళ జవాబు మా ఇంటి పేరు మీద వచ్చేది, గుమ్మం దగ్గర ఎవరో ఒకరు "ఇది మొన్న ఆవిడ రాసినదానికి జవాబు" అని గుర్తుపట్టి లోపలికి అందించేవారు. అంటే నేను ముందు పలకరిస్తేనే లోకం నాకు బదులిస్తుంది. లోకం తనంతట తాను నన్ను పలకరించాలంటే దారి లేదు. ఆడవాళ్ళ బతుకులో ఇంత మామూలుగా ఉన్న ఈ ఏర్పాటుకి కంప్యూటర్ల వాళ్ళు 'నాట్' అని ఒక పేరు పెట్టుకున్నారనీ, ప్రపంచంలో సగం ఇళ్ళు దాని మీదే నడుస్తున్నాయనీ మా అమ్మాయి చెప్పినప్పుడు, చెప్పొద్దూ, నవ్వొచ్చింది. బి.ఏ.లో చరిత్ర, తెలుగు చదువుకున్న నాకు సైన్సులో మొదటిసారి ఒక విషయం ముందే తెలిసినట్టు అనిపించింది.

మాది ముదిగొండ. ఖమ్మం జిల్లా. పక్కనే నేలకొండపల్లి, రామదాసు పుట్టిన ఊరు. అటు పోతే భద్రాచలం దారి, అడవి. చిరునామా అనేది మా ఊళ్ళో తేలిక మాట కాదు. 2007 జూలై 28న, భూమి కోసం ఇళ్ళ స్థలాల కోసం సాగుతున్న ఆందోళనలో ఇక్కడ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నంబరున్న ఒక గడప కోసం మనుషులు ఎంతదూరం వెళతారో చూసిన ఊరు ఇది. అలాంటి ఊళ్ళో కూచుని, కంటికి కనబడని ఇళ్ళకి ఇంటి నంబర్లు పంచే పని నా పాలబడింది. ఎందుకు పడిందో చెప్పాలంటే ముందు మా అత్తయ్య సంగతి చెప్పాలి.

మా మామగారు తెలుగు పండితులు. ఆయనకి టేప్ రికార్డరంటే ప్రాణం. సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూచుని పద్యాలు చదివి రికార్డు చేసేవారు. మధ్యలో ఊరి సంగతులు, వాన పడిందా లేదా, ఎవరింట్లో పెళ్ళి, మిరప ఏ ధర పలికింది, అన్నీ అందులోనే. అలా 41 కేసెట్లు. ఆయన పోయాక మా అత్తయ్యకి అవే కాలక్షేపం. ఇప్పుడు ఆవిడకి చూపు బాగా తగ్గింది. టీవీ చూడలేదు, పుస్తకం పట్టలేదు. సాయంత్రం దీపం పెట్టాక ఆ గొంతు వినాలి, అంతే. వాటిలో పదిహేడో నంబరు కేసెట్ మరీ ఇష్టం. పద్యం ఎత్తుకోబోతూ ఆయన ఆగి, "ఏమే, పొయ్యి మీద పాలున్నాయి చూశావా?" అంటారు. మంచం మీద నుంచి ఆవిడ "చూశా లెండి" అంటుంది. ప్రతిసారీ అంటుంది. మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. తర్వాత, ఆవిడ ఆ మాట అనకపోతే నాకు తోచేది కాదు.

టేపు అరుగుతుంది కదమ్మా! కొన్ని కేసెట్లలో గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు తయారైంది. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతుండగా ఒక వేసవంతా కూచుని వాటిని కంప్యూటర్లోకి ఎక్కించింది. ఇందులో అడ్డదారి లేదు. గంట కేసెట్ ఎక్కించాలంటే గంటసేపు అది నడవాల్సిందే. అలా ఆ వేసవి ఇల్లంతా మామగారి గొంతే. పని అయిన మూడు నెలలకి రికార్డరు శాశ్వతంగా మూగబోయింది. ఇక ఆ గొంతు ఉన్నదల్లా వెనక గదిలోని పాత కంప్యూటర్లోనే.

ఇంతలో మా అమ్మాయికి జర్మనీలో పై చదువుకి సీటు వచ్చింది. పోయిన సెప్టెంబరు ఆఖరున ప్రయాణం. ఇంకా పన్నెండు రోజులుందనగా నేను అడిగాను: "నువ్వెళ్ళాక నానమ్మకి కేసెట్లు ఎవరు పెడతారే?" ఎందుకంటే అప్పటిదాకా తనే పెన్‌డ్రైవ్‌లో వేసి, ఫోన్లో వేసి, ఎలాగో వినిపించేది. అది కాసేపు ఆలోచించి, "సర్వర్ కట్టేస్తానమ్మా. నానమ్మ మంచం పక్కన పాత ఫోన్ పెడదాం. దాన్ని ఒక్కసారి తాకితే పాడాలి. నేను అక్కణ్ణించి కూడా చూసుకుంటా" అంది. "కట్టు. కానీ నీ చేత్తో కాదు. నువ్వు చెబుతుంటే నా చేత్తో కట్టించు" అన్నాను. తను వెళ్ళాక చూసుకోవాల్సింది నేనే కదా మరి.

ఆ పాత కంప్యూటర్లో మూడు రకాల కాపురాలు ఉన్నాయని అప్పుడు తెలిసింది. మొదటిది అసలు యజమాని, అంటే ఆ కంప్యూటరే. రెండోది వర్చువల్ మెషీన్. మూడోది కంటైనర్లు. ఈ రెండిటికీ తేడా మా అమ్మాయి ఒకలా చెప్పింది, నేను ఒకలా అర్థం చేసుకున్నాను. మీకు నాదే చెబుతాను. వర్చువల్ మెషీన్ అంటే మన ఆవరణలోనే వేరుగా వేసిన ఇల్లు. దానికి దాని వంటిల్లు, దాని పొయ్యి, దాని తాళం వేరు. లోపల ఉన్నవాళ్ళకి తాము ఇంకొకరి ఆవరణలో ఉన్నామన్న సంగతే తెలియదు. కంటైనరంటే వాటా. గోడలున్నాయి, పెట్టెబేడా ఎవరివి వాళ్ళవే, కానీ వంటిల్లు మాత్రం యజమానిదే. ఆ వంటింటినే వాళ్ళు కెర్నెల్ అంటారు. అందుకే వాటా దిగడం నిమిషం పని, ఇల్లు కట్టడం ఆలస్యం, ఖర్చు. వేరు ఇల్లు కట్టే విద్య కొత్తదేం కాదు. ఐబీఎం వాళ్ళు 1960లలోనే గదంత యంత్రాల్లో ఈ పని చేశారు, 1972లో వీఎం/370 అని పేరుపెట్టి అమ్మకానికి తెచ్చారు. 2007లో లినక్స్‌లోనే ఆ సదుపాయం చేరింది. వాటాల పద్ధతి మాత్రం 2013లో డాకర్ వచ్చాకే అందరి నోళ్ళలో పడింది.

మా ఇంటి లెక్కలో, కేసెట్లన్నీ భద్రంగా దాచే ఇనప్పెట్టె లాంటి ప్రోగ్రాముకి దాని వంటిల్లు అది కావాలి కాబట్టి అది వర్చువల్ మెషీన్లో ఉంది. కేసెట్ తీసి పాడే ప్రోగ్రాము కంటైనర్లో ఉంది. వినాల్సిన ఫోను అత్తయ్య మంచం దగ్గర ఉంది. దాచే చోటు ఒకటి, పాడే గొంతు ఒకటి, వినే చెవి ఒకటి. ఈ మూడూ ఒకదాన్నొకటి పలకరించుకోవాలి. అక్కడే వచ్చింది చిక్కంతా.

మా అమ్మాయి కాగితం మీద మూడు వీధులు గీసింది. మొదటిది మా ఇల్లు: 192.168.1తో మొదలయ్యే నంబర్లు. హాల్లో ఉన్న రౌటరు, టీవీ, మా ఫోన్లు అన్నీ ఈ వీధివే. రెండోది వర్చువల్ మెషీన్ వీధి, 192.168.122. మూడోది కంటైనర్లది, 172.17. ఈ చివరి రెండూ మేం పెట్టినవి కాదు, ఆ ప్రోగ్రాములు అలవాటుగా తామే పెట్టుకునేవి. ఒక్కో వీధి చివరా ఒక గుమ్మం, గుమ్మంలో నేను మొదట్లో చెప్పిన కేరాఫ్ మనిషి. లోపలివాళ్ళు బయటికి పోగలరు. బయటివాళ్ళు లోపలికి ముందుగా పలకరించలేరు. ఫోను వెళ్ళి కంటైనర్ని పిలిస్తే పలకదు. వర్చువల్ మెషీన్ని పిలిస్తే అసలు అలాంటివాళ్ళు ఈ ఊళ్ళో లేరంటుంది.

గుమ్మంలో ఉండే ఆ మనిషిని గేట్‌వే అంటారు. దీనికి నాకు వివరణ అక్కర్లేకపోయింది. మన పిల్లలకి నాన్నతో పని పడితే ఎవరికి చెబుతారు? అంతెందుకు, మా పక్కూరి రామదాసు గోలకొండ చెరసాలలో ఉండి, రాముడికి చెప్పుకుని చెప్పుకుని విసిగి, ఆయనతో నువ్వైనా నామాట చెప్పమ్మా అని సీతమ్మవారిని వేడుకోలేదూ? ఏ మాట ఎవరి ద్వారా పోతే చేరుతుందో ఆయనకి తెలుసు. ఇలా అన్నానని మా అమ్మాయి ఆ కాగితం మీద గేట్‌వే పక్కన 'సీతమ్మ' అని రాసింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

మొదటి ఉపాయం వంతెన. అంటే బ్రిడ్జి. కంప్యూటర్లోనే లేని వంతెన ఒకటి కట్టి, వర్చువల్ మెషీన్ని దాని వీధిలోంచి తీసి నేరుగా మా ఇంటి వీధిలోనే పెట్టడం. అప్పుడు దానికి రౌటరే ఇంటి నంబరు ఇస్తుంది, టీవీకి ఇచ్చినట్టే. విన్నప్పుడు ఎంత బాగుందో! చేస్తే పని చెయ్యలేదు. కారణం, ఆ కంప్యూటరు వైఫై మీద నడుస్తోంది. వైఫైలో రౌటరు తన దగ్గర పేరు నమోదైన పరికరం మాటే వింటుంది. మా కంప్యూటరు నమోదు చేయించుకున్నది ఒక్క పేరు. ఆ ఒక్కదాని నోట్లోంచి ఇంకొకరి పేరుతో మాట వస్తే వినదు. మన శుభలేఖల్లో 'సకుటుంబ సపరివార సమేతంగా' అని ఉంటుందే, ఆ మర్యాద పాపం వైఫైకి తెలియదు.

కాబట్టి తీగ లాగాలి. ఈ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుందట, మాకు పాతిక మీటర్లు కూడా అక్కర్లేదు. కానీ హాలుకీ వెనక గదికీ మధ్య ఉన్నది దేవుడి గది గోడ. ఎలక్ట్రీషియన్ కుర్రాడు డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని నిలబడ్డాడో లేదో, చూపు లేదంటారు గానీ, మా అత్తయ్య మంచం మీద లేచి కూచుంది.

"ఏందిరా, దేవుడి గోడకి బొక్క పెడతావా?"

"అత్తయ్యా, మామయ్యగారి కేసెట్లకి కావాలి" అన్నాను.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆయన గొంతు ఆ తాడులోంచి వస్తదా?" అంది.

"వస్తుంది నానమ్మా" అంది మా అమ్మాయి.

"అయితే పటాల కింద నుంచి కాదు, పక్క నుంచి పెట్టమను. పొద్దున్నే ఆయనా దండం పెట్టుకునే గోడే అది."

తీగ వచ్చింది, వంతెన నిలబడింది. వర్చువల్ మెషీన్‌కి మా వీధి నంబరు వచ్చింది. నా ఫోన్లోంచి దాన్ని పిలిస్తే పలికింది. కేసెట్ల జాబితా మొత్తం 41, వరసగా, మా మామగారి చేతిరాతలో లేకపోయినా ఆయన పెట్టిన పేర్లతోనే కనబడ్డాయి. ఆ రాత్రి నేను పాయసం చేశాను.

మర్నాడు కంటైనర్ల పని. వీటికి కూడా ఒక్కోదానికి మా వీధిలోనే నంబరిచ్చే పద్ధతి ఒకటుందట, మాక్‌వీల్యాన్ అంటారు. మా అమ్మాయి దాన్ని వద్దంది. ఎందుకంటే ఆ పద్ధతిలో కంటైనరు ఊరందరితో మాట్లాడుతుంది కానీ తను కాపురముంటున్న కంప్యూటరుతో మాత్రం మాట్లాడలేదు. ఒకే కప్పు కింద ఉంటూ, వీధి వీధంతా పలకరించి ఒకరితో ఒకరు పలకని అత్తాకోడళ్ళని నేను బోలెడుమందిని చూశాను. వాళ్ళ మీద రెండు నవలలు కూడా రాశాను. వాళ్ళని కంప్యూటర్లో కూడా పెట్టుకోవడమెందుకు? దానికన్నా పోర్టు పద్ధతి మేలు. యజమాని ఇంటి నంబరు ఒకటే, కానీ గోడకి వరసగా కిటికీలు. 8080 నంబరు కిటికీ తడితే ఆ మాట లోపల ఫలానా వాటాకి అందించు అని ముందే చెప్పి ఉంచడం. కేరాఫ్‌లో ఉన్న లోపం దీంతో తీరింది. బయటివాళ్ళే ముందుగా పలకరించవచ్చు, కిటికీ నంబరు తెలిస్తే చాలు.

కిటికీ తెరిచాం. కేసెట్ పాడే ప్రోగ్రాము పలికింది. కానీ దాని ముఖం తెల్లకాగితంలా ఉంది. కేసెట్లు లేవంది. ఇనప్పెట్టె కనబడటం లేదంది. నా ఫోన్లోంచి చూస్తే, నిన్న పలికిన వర్చువల్ మెషీన్ ఇవాళ మాయం.

ఆ రోజూ ఆ మర్నాడూ మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ప్రయాణం ఇక ఆరు రోజులు. పెట్టె సర్దాల్సిన పిల్ల తెర ముందు కూచుని గోళ్ళు కొరుకుతోంది. మా వారు "పోనీలే, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చెయ్" అంటారు. సాయంత్రమయ్యేసరికి అత్తయ్య ఏమీ అడగదు, కానీ దీపం పెట్టాక ఆవిడ మొహం నా వైపు తిరిగే ఉంటుంది. అడిగితే బాగుండునని అనిపించేది.

నాకు కంప్యూటర్లు తెలియవు. కానీ కథలు తెలుసు. కథలో ఒక మనిషి మాయమైతే ఏం అడుగుతాం? ఆఖరిసారి ఎవరు చూశారు, ఆ తర్వాత ఇంట్లోకి కొత్తగా ఎవరొచ్చారు? "నిన్న రాత్రి పాయసం తాగేటప్పుడు అది పలికింది కదే. ఆ తర్వాత కొత్తగా ఎవరు దిగారు?" అన్నాను. మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. దిగింది ఒక్కరే. కంటైనర్లను నడిపే ప్రోగ్రాము.

అప్పుడు తెలిసిన సంగతి ఇది. ఈ ప్రోగ్రాము ఇంట్లో దిగగానే భద్రత కోసం కంప్యూటరు ఫైర్‌వాల్‌కి ఒక ఆజ్ఞ ఇస్తుంది: నేను ఒప్పుకున్నవాళ్ళు తప్ప, ఈ ఇంటి గుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఎవరినీ పోనివ్వద్దు. మంచి కాపలావాడే. కానీ వంతెన మీద నడిచేవాళ్ళని కూడా కొన్ని ఏర్పాట్లలో ఇతనే తనిఖీ చేస్తాడు. మా వర్చువల్ మెషీన్ మళ్ళీ మొదలైనప్పుడు "నాకు నంబరివ్వండి" అని రౌటరుని వేసిన కేక వంతెన దాటలేదు. నంబరు లేదు కాబట్టి అది ఎవరికీ కనబడలేదు. కాపలావాడి దగ్గర లెక్కల పుస్తకం ఉంటుంది, ఎంతమందిని ఆపాడో అంకె చూపిస్తుంది. మా అమ్మాయి దాన్ని తెరిచింది. మేం చూస్తుండగానే ఆ అంకె ఒకటొకటిగా పెరుగుతోంది. అంటే ఆ క్షణంలో కూడా అది కేకలు వేస్తూనే ఉంది పాపం. గోడ అవతల మనిషి ఉన్నాడని తెలిసినట్టు మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

మందు ఒక్క వాక్యం. ఈ వంతెన మీద ఈ చివర నుంచి ఆ చివరకి పోయేవాళ్ళని పోనీ. ఇలా ఇంటివాళ్ళు తమ ఆజ్ఞలు రాసుకోవడానికి ఆ ప్రోగ్రామే వేరుగా ఒక చోటు వదిలిపెడుతుందట, అక్కడ రాశాం. నేనే టైపు చేశాను, తను ఒక్కో అక్షరం చెబుతుంటే. ఇంకో జాగ్రత్త కూడా: ఈ ఆజ్ఞ కంప్యూటరు ఆగి మొదలైతే చెరిగిపోతుంది, కాబట్టి ప్రతిసారీ తనంతట తానే మళ్ళీ రాసుకునేట్టు చెయ్యాలి. గాలివానకి కరెంటు పోయే ఊళ్ళో ఇది మరిచిపోకూడని సంగతి. అలాగే వర్చువల్ మెషీన్‌కి రౌటరు రోజుకో నంబరు ఇవ్వకుండా, ఎప్పుడూ ఒకటే నంబరు దాని పేరున కేటాయించి పెట్టించాం.

ఆ సాయంత్రం దీపం పెట్టాక ఫోను తాకింది మా అత్తయ్యే. వేలు పట్టుకుని చోటు చూపించామంతే. పద్యం, ఆగడం, "ఏమే, పొయ్యి మీద పాలున్నాయి చూశావా?" "చూశా లెండి." మా అమ్మాయి వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. జర్మనీ నుంచి తను చూసుకోవడమెలా? ఇక్కడ మన నంబర్ల గురించి ఒక మాట చెప్పాలి. ప్రపంచంలో పాత పద్ధతి ఇంటర్నెట్ నంబర్లు మొత్తం 430 కోట్లకి కాస్త తక్కువ. మనుషులే అంతకన్నా ఎక్కువమందిమి. 2011 ఏప్రిల్‌కల్లా మన ఆసియా వైపు కొట్లో నిల్వ అడుగంటింది. అందుకని 1996లోనే ఒక ఒప్పందం చేసుకున్నారు: 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172లో కొన్ని, ఇవి ఎవరి ఇంట్లో వాళ్ళు వాడుకోవచ్చు, వీధిలోకి మాత్రం తేకూడదు. కాబట్టి ప్రతి ఊళ్ళో ఒక రామాలయం వీధి ఉన్నట్టు ప్రతి ఇంట్లో ఒక 192.168.1 ఉంటుంది. రేపు అక్కడ తన హాస్టల్లో కూడా అదే ఉంటే? తను 'రామాలయం వీధి' అంటే కంప్యూటరు అక్కడి రామాలయానికే తీసుకుపోతుంది, ముదిగొండకి రాదు.

అందుకని మా వీధి పేరే మార్చేద్దామంది. మూడో అంకె 0 నుంచి 255 దాకా ఏదైనా పెట్టుకోవచ్చు, నలుగురూ పెట్టుకోనిది అయితే మంచిది. ఏం పెడదాం అని తర్జనభర్జన. అత్తయ్య మంచం మీద నుంచి "69 పెట్టండే" అంది. 1969లో ఆవిడ పెళ్ళి. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆ ఏడే అక్టోబరు 29న అమెరికాలో రెండు చోట్ల ఉన్న కంప్యూటర్లు మొదటిసారి తీగ మీద మాట్లాడుకున్నాయట. 'లాగిన్' అనే మాట పంపబోతే మొదటి రెండక్షరాలు వెళ్ళి అవతలి యంత్రం కూలబడింది. ఇది వినిపిస్తే మా అత్తయ్య, "మా పెళ్ళయిన కొత్తల్లో ఆయనా అంతే, రెండు మాటలు మాట్లాడి ఆగిపోయేవాడు" అంది. ఇప్పుడు మా ఇల్లు 192.168.69.

రౌటరులో బయటి ప్రపంచానికి నేరుగా తలుపు తియ్యడం మా అమ్మాయికి ఇష్టం లేదు. ఎవడైనా వచ్చి తడతాడు. పైగా మాలాంటి చాలా ఇళ్ళకి బయటి నంబరు కూడా సొంతం కాదు, పేటకంతా కలిపి ఒకటే. కేరాఫ్‌కి మళ్ళీ కేరాఫ్ అన్నమాట! అందుకని ఊళ్ళ మధ్య సత్రం లాంటిది ఒక చిన్న కంప్యూటరు నెలకింత అని అద్దెకి తీసుకుంది. మా ఇల్లు ఆ సత్రాన్ని పలకరిస్తుంది, జర్మనీ నుంచి తనూ ఆ సత్రాన్నే పలకరిస్తుంది. ఇద్దరూ తామే ముందు పలకరించారు కాబట్టి ఇద్దరికీ జవాబు వస్తుంది, ఆ జవాబుల దారిలోనే సొరంగం. వైర్‌గార్డ్ అని దాని పేరు, 2020లో లినక్స్‌లో చేరింది. ఆ సొరంగం లోపల ఏం పోతోందో దారిన పోయేవాళ్ళకి తెలియదు. గుమ్మం దగ్గర కేరాఫ్ మనిషి మమ్మల్ని మరిచిపోకుండా, పని ఉన్నా లేకపోయినా మా ఇల్లు ప్రతి 25 సెకన్లకీ ఒకసారి ఆ సత్రానికి ఒక చిన్న మాట పంపుతుంది. ఏమని పంపుతుందే అంటే, "ఏమీ ఉండదమ్మా అందులో. ఉన్నాను అని చెప్పడమే" అంది.

తను వెళ్ళిపోయింది. విమానాశ్రయం సంగతులు ఎవరింట్లోనైనా ఒకటే, అవి రాయను. నాలుగో రోజు రాత్రి గాలివాన, కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా అయిపోయింది. పొద్దున కరెంటు వచ్చాక క్యాలెండరు వెనక నేను రాసుకున్న వరస ప్రకారం ముందు రౌటరు, తర్వాత కంప్యూటరు, వర్చువల్ మెషీన్‌కి నంబరు వచ్చిందో లేదో పింగ్ కొట్టి చూసి, ఆఖరున కంటైనర్లు. అన్నీ వాటంతట అవే లేచాయి, నేను చేయాల్సిందేమీ లేకపోయింది. అయినా ఒక్కొక్కదాన్నీ పలకరించి చూశాను. పిల్లలు నిద్ర లేచారో లేదో చూసే అలవాటు ఎక్కడికి పోతుంది!

అక్టోబరు మొదటి వారంలో ఒకరోజు, పాడే ప్రోగ్రాములో ఎవరు ఎప్పుడు ఏ కేసెట్ విన్నారో రాసి ఉండే పేజీ తెరిచాను. సాయంత్రం ఆరున్నర, అత్తయ్య ఫోను. ముందురోజు ఆరున్నర, అత్తయ్య ఫోను. మధ్యలో ఒక వరస, రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. ఆ నంబరు మా 69 వీధిది కాదు, 10తో మొదలవుతోంది. సొరంగంలోంచి వచ్చినవాళ్ళ నంబరు. అక్కడ అప్పుడు రాత్రి పదకొండు దాటి ఉంటుంది. విన్నది పదిహేడో కేసెట్.

పొద్దున ఫోన్లో తను ఆ సంగతి చెప్పలేదు. బాగానే ఉన్నానమ్మా, అన్నం వండుకున్నా, చలిగా ఉంది అంది. నేనూ అడగలేదు.

అత్తయ్యకి మాత్రం చెప్పాను.

"పాలు అడిగే కేసెట్టేనా?" అంది.

"అదే."

ఆవిడ కాసేపు ఊరుకుని, "మరి అదేం జవాబు చెప్పిందో" అంది.